జోడీ లేని డాల్ఫిన్ కోసం ధర్మవరం దాకా

ఇది సముద్రం కథ. ఇందులో పడవలున్నాయి, వానాకాలపు అలలున్నాయి, ప్రాణానికి ప్రాణమైన స్నేహం ఉంది, ఎడబాటు ఉంది, ఒక ఆడపిల్ల రాజీ లేని పోరాటం ఉంది. గుండె దిటవు చేసుకుని చదవండి.

సరే, అంత అవసరం లేదు. మేము వెళ్లింది హిందూపురం నుంచి ధర్మవరానికి. దారిలో తగిలిన జలరాశి చిత్రావతి. వంతెన మీంచి చూస్తే కింద ఇసుక, ఆ ఇసుకలో నాలుగు ఎనుములు. పోరాటం ఒక పట్టుచీర కొంగు గురించి. తుపాను అంటారా, కారు ఎడమ కిటికీ అద్దం కిందికి దిగింది, మళ్లీ పైకి రాలేదు. డాల్ఫిన్లు మాత్రం నిజమైనవే. అవి మా అక్క ఫోన్‌లో ఉన్నాయి.

హిందూపురం: ముక్కుకు ముక్కు

అక్క అంటే మా పెద్దనాయన కూతురు వసుంధర. మాది రొద్దం పక్కన శెనక్కాయ పండించే కుటుంబం. సముద్రం వైపు మాలో ఎవరూ తలతిప్పి చూసిన పాపాన పోలేదు. ఈమె మాత్రం ఐదేళ్లపాటు కర్ణాటక తీరంలో రోజూ పొద్దున్నే చిన్న పడవెక్కి డాల్ఫిన్లను చూసింది. ఏం చూస్తావక్కా అంటే, "ఎవరు ఎవరితో తిరుగుతాండారో చూసి రాసుకుంటా" అనేది. మా వీధిలో ఈ పని చేసేవాళ్లు నలుగురున్నారు. ఎవరికీ జీతం లేదు.

ఆమె చెప్పగా చెప్పగా ఇష్టం లేకపోయినా నాకు కొంత వచ్చేసింది. డాల్ఫిన్ల గుంపు మనం అనుకున్నట్టు కట్టగట్టి ఉండదు. పొద్దున కలిసి కనపడినవి గంట తిరగకముందే మూడు అటు, ఐదు ఇటు విడిపోతాయి. మధ్యాహ్నానికి మరెవరితోనో కలుస్తాయి. అచ్చం పెళ్లింట్లో చుట్టాల్లాగా. అయితే ఆ కలవడం, విడిపోవడం ఇష్టమొచ్చినట్టు కాదు. తల్లులు పిల్లలతో ఒక జట్టుగా మెలుగుతారు. పిల్ల ఏళ్ల తరబడి తల్లి పక్క వదలదు. కొన్ని మగవి మాత్రం ఇద్దరిద్దరుగా స్నేహం కట్టి, గుంపు ఎన్నిసార్లు చీలినా ఒకరినొకరు విడవరు. వాటిని గుర్తుపట్టేది వీపు మీది రెక్కను బట్టి. ఒక్కో రెక్క అంచున ఒక్కో రకం గాటు ఉంటుంది, మన వేలిముద్రలాగా.

అట్లాంటి మగజంట ఒకటి అక్కకు బాగా అలవాటైంది. రెక్క అంచు పళ్లుపళ్లుగా ఉన్నవాడికి రంపం అని, రెక్క వంగి మధ్యలో ఒక్క పెద్ద గాటు ఉన్నవాడికి కొడవలి అని పేర్లు పెట్టింది. మగవని ఎట్లా తెలుసని అడిగాను. "ఐదేండ్లలో ఒక్కసారి కూడా పక్కన పిల్ల లేదు. ఒకసారి తిరగబడినప్పుడు పొట్ట కూడా కనపడింది" అంది. అంతకుమించి నేను అడగలేదు, భోజనాల వేళ అది.

పోయిన వానాకాలం పడవలు ఆగిపోయాయి. వానలు వెనకబట్టి పడవ మళ్లీ దిగేసరికి కొడవలి ఒక్కడే వచ్చాడు. రంపం ఆ తర్వాత కనపడలేదు. కొన్నాళ్లకు ఆ పరిశోధనకు వచ్చే డబ్బు ఆగింది, అక్క ఉద్యోగమూ ఆగింది, పెళ్లి మాత్రం కుదిరింది. పెళ్లికొడుకుది నాగపూర్. ఆ ఊరికి ఏ దిక్కున నడిచినా సముద్రం రాదు.

పెళ్లికి అక్క కోరింది ఒక్కటే. ధర్మవరంలో నేయిస్తున్న పట్టుచీర కొంగు మీద తన డాల్ఫిన్లు ఉండాలి. తల్లులు, పిల్లలు, కుర్రవి అన్నీ ఉండాలి, కొంగు మూలన కొడవలి ఒంటరిగా ఉండాలి. బంగారం అడగనందుకు పెద్దనాయన పొంగిపోయి సరేనన్నాడు.

పెళ్లి రెండు వారాలుందనగా నేతగాడు మల్లన్న, కొంగు మొదలుపెట్టే ముందు డిజైన్ బొమ్మ ఫోన్‌కు పంపాడు. మూలన కొడవలి ఉన్నాడు. ఎదురుగా ఇంకొకటి ఉంది. రెండూ ముక్కుకు ముక్కు ఆనించి, హంసల్లాగా మెడలు వంచి ఉన్నాయి. డాల్ఫిన్‌కు మెడ ఉన్నట్టు నాకు అప్పుడే తెలిసింది. మధ్యలో ఒక కలశం.

అక్క ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టింది. "సీనా, కారు తీయి" అంది.

నేను అన్నం తింటున్నాను. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పెట్రోలు బంకులో కుర్రాడు కన్నడంలో "ఎష్టు హాక్లి?" అని, నా ముఖం చూసి "ఎంత పోయల్ల అన్నా? దుడ్లు ఫోన్‌లో కొడ్తావా?" అన్నాడు. హిందూపురంలో అంతే, ఏ ప్రశ్న అయినా రెండు భాషల్లో వస్తుంది, ఖర్చు మాత్రం ఒకటే.

సోమందేపల్లి: పాలు పిండేదెవరు

రోడ్డు పక్క బండి దగ్గర ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు నలభై. తడిపిన బొరుగులకు తాలింపు వేసి ఇంత రుచి తీయడం మావాళ్లకే చేతనవుతుంది. బజ్జీలో మిరపకాయ మాత్రం ఎవరి మీదో కోపంతో పండించినట్టుంది. నేను నీళ్ల కోసం వెతుకుతుంటే బండి నడిపే ఆమె, అక్క ఫోన్‌లోకి తొంగిచూసింది.

"ఇది చేపే కదమ్మా?"

"చేప కాదు. పిల్లలకు పాలిస్తాది."

"పాలా!" ఆమె గరిటె ఆగింది. "నీళ్లల్లో ఎవురమ్మా పిండేది?"

అక్క విడమరచి చెప్పడం మొదలుపెట్టింది. ఆమె వదల్లేదు, ఈమె తగ్గలేదు. వెనక నలుగురు ప్లేట్లు పట్టుకుని వరసలో నిలబడ్డారు. వాళ్లలో ఒకాయన "ఏమప్పా, మీ యవ్వారం అయ్యేసరికి మా ఉగ్గాణి సద్ది అయితాది" అన్నాడు నాతో. ఈ ప్రయాణంలో నాకు నచ్చిన మొదటి మనిషి ఆయనే.

పెనుకొండ: మూడు సంచులు, ఒక గుమ్మడికాయ

పెనుకొండలో మా మేనత్త నారాయణమ్మ ఉంటుంది, కొండ కిందే. మామ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, ఒక్కతే. పెళ్లి పత్రిక ఇచ్చి, మంచినీళ్లు తాగి వెళ్లిపోవాలని మా పథకం. పథకాన్ని అత్తకు చెప్పకపోవడం తప్పైంది. వచ్చినవాళ్లు సంగటి తినకుండా పోవడం ఆమె లెక్కలో నేరం. తిన్నాక వెంటనే బయల్దేరడం ఇంకా పెద్ద నేరం. ఆ రోజు అక్కడే ఆగాం. సంగటి ముద్ద, శెనక్కాయల చట్నీ బాగున్నాయి. ఆ మాట పైకి అన్నందుకు రెండో ముద్ద పడింది.

పత్రిక తిప్పితిప్పి చూసి అత్త అంది: "వస్తా పాపా. ముందురోజే వస్తా. ఐతే మంటపం కాడికి మాత్రం పిలవద్దు. నేను వంటల కాడ ఉంటా."

"ఏంటికత్తా?" అంది అక్క.

"ఏంటికంటే ఏం చెప్పేది. అంతే."

అది చెప్పాల్సిన అవసరం లేని సంగతే. మొగుడు పోయిన ఆడమనిషి అక్షింతలు వేసే వేళ ముందుకు రాదు, ఎవరూ రావద్దని కూడా అనరు. అక్క నోరు తెరిచింది. అత్త ఆ నోట్లోకి ఇంకో ముద్ద సంగటి గురించిన బెదిరింపు పంపి మూయించింది.

మరునాడు మేము ధర్మవరం ఎందుకు పోతున్నామో విని, "నేనూ వస్తా పాండి, ఈడ నాకేం పని" అని బయల్దేరింది. మూడు సంచులు, ఒక గుమ్మడికాయ. పోయేది ఒక పూటకు. గుమ్మడికాయ ఎందుకని అడిగితే "ఒకరింటికి పోతాండాం, ఒట్టి చేతుల్తో పోతారా?" అంది.

సంచులు సర్దుతుండగా మూసుకోని కిటికీలోంచి ఒక కోతి కారులోకి దూరి, అరటిపండ్ల గెలతోపాటు పన్నెండు పెళ్లి పత్రికలు కూడా పట్టుకుపోయింది. గోడ మీద కూర్చుని పండు తిని, పత్రికకున్న పసుపు నాకి చూసింది. అక్క నాకు సాయం చేయకుండా కోతులనే చూస్తూ నిలబడింది.

"చూడు, ఆ ముసలిది, పక్కన దాని కూతుర్లు. కోతుల్లో కూతుర్లు తల్లి కాడే ఉంటారు, కొడుకులే పెద్దయినాక గుంపు వదిలిపెట్టి పోతారు."

అత్త ముందు సీట్లో స్థిరపడుతూ అంది: "మంచి పద్ధతే. మనకే ఎవురో తిరగేసి పెట్టినారు."

నేను కోతి వదిలేసిన పత్రికలు ఏరుకున్నాను. తొమ్మిది దొరికాయి. మిగతా మూడింటికి కోతులే వస్తాయేమో.

చెన్నేకొత్తపల్లి: పార్టీ మారాలి

హైవే వదిలి ధర్మవరం వైపు తిరిగే ముందు టీ తాగాం. టీ పది రూపాయలు, గ్లాసు అగ్గిపెట్టెంత. పక్క బెంచీ మీద మెడలో తువ్వాలుతో ఒక పెద్దాయన. ఊరికే కూర్చున్న మనిషి కాబట్టి మా మాటలన్నీ విన్నాడు. కొడవలి కథ అక్క ఈసారి అత్తకు చెబుతోంది.

పెద్దాయనకు ఉండబట్టలేదు. "అమ్మా, నడమ వచ్చి అడుగుతాండా అనుకోవద్దు. ఆ రంపం అనేటాయప్ప పోయినంక, ఈయప్పని వేరే జట్టు ఎవురూ చేర్చుకోల్యా?"

"నేను చూసినంతవరకు లేదు పెద్దాయనా. మొగవి ముందే ఎవురి జత వాళ్లు కట్టేసుకొని ఉంటాయి. నడమ దూరేదానికి శానా కాలం పడ్తాది."

"వీనికి చేతగాలేదమ్మా. మా ఊర్లో అయితే పొద్దున ఒంటోడైతే సాయంత్రానికే ఎవురో ఒకరు కండువా కప్పేసి ఫోటో తీసేస్తారు."

బెంచీ అంతా నవ్వింది. రాయలసీమ అనగానే కత్తులు, కార్ల వరసలు ఊహించుకునేవాళ్లకు ఈ సంగతి తెలియజేయండి: ఇక్కడ ముఠాల గురించిన అసలు చర్చ పది రూపాయల టీ మీద, పళ్లు కుట్టుకుంటూ జరుగుతుంది.

అత్త నవ్వలేదు. "ఐతే ఇప్పుడు ఒక్కడే తిరుగుతాండాడా వాడు?" అంది.

"ఒకరోజు తల్లుల గుంపు ఎనకాల కనపడినాడత్తా. కలవలేదు. శానా దూరంగా, వాళ్ల ఎనకాలే వస్తాండె."

అత్త టీ గ్లాసు కింద పెట్టి, చక్కెర ఎక్కువైందని టీ కొట్టతన్ని తిట్టింది.

ధర్మవరం: ఆయప్ప భార్య

ధర్మవరంలో మల్లన్న ఉండే వీధిలోకి వెళితే మాట వినపడదు. ఇంటింటా మగ్గం. చప్పుడు చెప్పుల్లోంచి కాళ్లలోకి ఎక్కుతుంది. అత్త సంచులకు కాపలాగా కారులోనే కూర్చుంది. మల్లన్న యాభై ఏళ్ల మనిషి. సన్నగా, ముఖం మీద ఎప్పుడూ ఇప్పుడే అయిపోతుందన్న హామీ. చీర ఒంటి భాగం అయిపోయింది, ఆకుపచ్చ, చాలా బాగుంది. గోడకు కొంగు బొమ్మ అంటించి ఉంది.

అక్క వేలు నేరుగా మూలకు పోయింది. "మల్లన్నా, ఈ రెండోది ఎవురు?"

"ఆయప్ప భార్యమ్మా."

"వానికి భార్య లేదు!"

"లేదని చెప్తిరి కదా, అందుకే కల్పించినా." మల్లన్న ముఖంలో మేలు చేసినవాడి వెలుగు. "పెండ్లి చీరలో ఒంటిపిట్టను నేయము తల్లీ. చిలకైనా జోడీ, హంసైనా జోడీ, నెమలైనా జోడీ. మా నాయన కాలం నుంచి అంతే. కట్టుకునే పిల్లకు మంచిది కాదు."

"ఇది పిట్ట కాదు."

"ప్రాణమున్నదే కదమ్మా ఏదైనా."

"మల్లన్నా, డాల్ఫిన్లలో మొగుడూ పెండ్లాం అని ఉండరు."

"ఉండరా?" మల్లన్న బొమ్మలోని పిల్లల వైపు చూశాడు. "మరి ఈళ్ల నాయన ఎవురు?"

"తెలీదు. తల్లే పెంచుతాది."

మల్లన్న గొంతు తగ్గించి, నావైపు తిరిగి, "ఏమప్పా, ఇట్లాంటి కుటుంబాన్ని పెండ్లి చీర మీద నేయిస్తాండారా మీరు?" అన్నాడు.

ఇంకో గొడవ కూడా బయటపడింది. కొడవలి రెక్కకు గాటు లేదు. మల్లన్న నున్నగా దిద్దేశాడు.

"గాటు లేకపోతే వాడు వాడే కాదు!"

"గాటు పెడితే చూసినోళ్లు నేత తప్పు పోయింది అంటారమ్మా. చినిగిపోయిన రెక్క నేసినోడని నాకు పేరొస్తాది. నలుగురు కట్టుకునే చీర."

"నలుగురు కాదు, నేను కట్టుకునే చీర."

నాకు ఆకలేస్తోంది. రాజీకి దిగాను. "అక్కా, పోనీ ఆ రెండోది రంపం అనుకుందాం. స్నేహితులిద్దరూ ఉన్నట్టుంటుంది, మల్లన్నకు జోడీ ఉన్నట్టుంటుంది. ఆ కలశం ఒక్కటీ తీసేస్తే చాలు."

అక్క నిజంగానే ఆలోచించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. "రంపం లేడురా."

మల్లన్న మగ్గం మీద చెయ్యి వేసి, మర్యాదగా, మెత్తగా, కదలకుండా చెప్పాడు: ఒంటిది నేయను, కావాలంటే ఆ మూల ఖాళీగా వదిలేస్తా.

ధర్మవరం: భోజనం తర్వాత

హోటల్లో భోజనం నూట ఇరవై. హిందూపురంలో వడ్డించేవాడు "చాలా?" అని అడుగుతాడు, ఇక్కడ అడగడు, చాలేవరకు వేస్తాడు. అక్క తినలేదు. అత్త త్వరగా ముగించి, "మీరు తినండి, నేను ఆ గుమ్మడికాయ ఇచ్చొస్తా" అని వెళ్లిపోయింది.

"మూల ఖాళీగా ఉంటే ఏమైందక్కా?" అన్నాను. "వేరే చీర కొన్నా అయిపోతాది. ఇంత రగడ ఒక చేప కోసం."

"చేప కాదు."

"పాలిచ్చే చేప కోసం."

మామూలుగా అయితే ఇక్కడ నా వీపు మీద ఒకటి పడేది. పడలేదు. "ఇంక నేను ఆడికి పోనురా సీనా. నాగపూర్ నుంచి ఎవురు పంపిస్తారు? వాన్ని ఎవురన్నా చేర్చుకున్నారా, బతికుండాడా, ఏదీ నాకు తెలీదు ఇంక. నేను ఆఖరున చూసినప్పుడు వాడు ఎట్లుండాడో అట్లే నాకు కావల్ల. ముద్దుగా చేసిండేది వద్దు."

నేను జోకు వెతికాను. దొరికింది కానీ బాగాలేదు. సాంబారు పోసుకున్నాను.

మళ్లీ మల్లన్న ఇంటికి పోయేసరికి అత్త మగ్గం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది, చేతిలో మజ్జిగ గ్లాసు. మల్లన్న భార్య గుమ్మడికాయను మురిపెంగా పట్టుకుని వాకిట్లో నిలబడింది. అత్త అడుగుతోంది:

"ఐతే ఒంటిది పెండ్లి చీర మీద ఉండకూడదంటావు."

"ఆచారం కదమ్మా."

"చూసినోళ్లకు మంచిది కాదు."

"అట్లే అనుకోండి."

"అయితే నేను పెండ్లికి రాకూడదా అప్పా?"

మల్లన్న చేతిలోని దారపు కండె ఆగిపోయింది. "అయ్యో, ఎంత మాట! మీరు మనుషులమ్మా."

"ప్రాణమున్నదే కదా ఏదైనా అంటివంట పొద్దున."

ఇంత మాట అన్నాక ఎక్కడో గంట మోగాలి, గాలికి దీపం రెపరెపలాడాలి. మగ్గాల చప్పుడుకు తోడు పక్కింట్లో మిక్సీ మొదలైంది. అది ఆగేవరకు అందరం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం, ఎందుకంటే ఏమన్నా వినపడదు.

మిక్సీ ఆగాక మొదట మాట్లాడింది మల్లన్న భార్య. "నువ్వు లెయ్యి. ఆ మూల నేను నేస్తా."

"ఉండవే, నాకు రాదా?" మల్లన్న గోడ మీది బొమ్మ పీకాడు, కలశం మీద పెన్సిల్‌తో అడ్డగీత కొట్టాడు, భార్యామణి మీద ఇంకోటి కొట్టాడు. అక్క ఫోన్ తీసుకుని కొడవలి రెక్క ఫోటో పెద్దది చేసి చూశాడు. గాటు ఎంత లోతు, ఎక్కడ మొదలు, అంచు గుండ్రంగా ఉందా, కోసినట్టుందా అని అక్కను పదిసార్లు అడిగాడు. ఆమె పదిసార్లూ చెప్పింది. పదకొండోసారి అడగకుండానే చెప్పింది.

"ఆ ఒక్కదానికి పోగులు చేత్తో ఎత్తి నేయల్ల, ఆలస్యమైతాది. పెండ్లికి ముందురోజు ఇస్తా" అన్నాడు మల్లన్న. చివరగా, "ఎవురన్నా ఆ గాటు ఏందని అడిగితే మాత్రం నా పేరు చెప్పొద్దండి" అన్నాడు.

తిరుగుదారి

అత్తను పెనుకొండలో దింపాం. దారంతా ఆమె ఆ మజ్జిగలో ఉప్పు తక్కువైన సంగతి తప్ప వేరే మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు అక్క కారు తలుపు పట్టుకుని నిలబడింది. "అత్తా, నువ్వు మంటపం కాడ, ముందర కూర్చోవల్ల. నువ్వు కూర్చుంటేనే నేను వచ్చి కూర్చుంటా."

"చూద్దాంలే పాపా."

"చూద్దాం కాదు."

"సరేలేవే! ఇంత ఎండలో నిలబెట్టి మాట తీసుకుంటాదమ్మా ఇది." అత్త మూడు సంచులూ నా చేతిలో పెట్టి లోపలికి నడిచింది. ఒక పూటకని తెచ్చిన ఆ సంచుల్లో ఏముందో ఇప్పటికీ నాకు తెలియదు. ఏదీ బయటికి తీయలేదు.

పెళ్లి బాగా జరిగింది. అత్త మంటపం ముందు వరసలో కూర్చుంది. ఫ్యాను తనవైపు తిప్పడం లేదని ముగ్గురితో గొడవ పడింది. అక్షింతలు ఎంత గట్టిగా వేసిందంటే ఒక గింజ పురోహితుడి కంట్లో పడింది. వాళ్లూ వీళ్లూ గుసగుసలాడారు కానీ, భోజనాలు మొదలవగానే మానేశారు.

చీర ముందురోజు కాదు, పెళ్లి రోజు తెల్లారి వచ్చింది. కొంగు మీద తల్లులు, పిల్లలు, కుర్రవి ఉన్నాయి. వాటన్నిటికీ వెనక, దూరంగా, మూలన కొడవలి ఒక్కడే ఉన్నాడు, గాటుతో సహా. అక్క ఆ గాటు అంచు వెంబడి వేలితో తడిమింది. "వాడే" అంది.

ఆ తర్వాత కొంగుముడి. పెళ్లికొడుకు కండువాకు చీర కొంగు కట్టాలి కదా. ఏ మూల కట్టాలో ఎవరూ ఆలోచించలేదు. ఆడబిడ్డ చేతికి ఏ మూల దొరికితే ఆ మూల లాగి, ఊడకుండా రెండుసార్లు బిగించింది. కొడవలి మొత్తంగా ముడి లోపలికి పోయాడు. పెళ్లికి వచ్చినవాళ్లలో ఒక్కరు కూడా వాడిని చూడలేదు. మంటపం మీంచి అక్క నావైపు చూసి, పెదవులు కదిలీ కదలకుండా అంది: "మళ్లా జోడీ చేసినార్రా."

ముడి మరునాడు విప్పారు. కొడవలి మీద ముడతలు అట్లాగే ఉండిపోయాయి. అవి తీయాలన్నా జరీ ఉన్న పట్టుచీర మీద ఇస్త్రీపెట్టె నేరుగా ఆనించకూడదు. చీర తిరగేసి, పైన పల్చటి నూలుగుడ్డ పరిచి, తక్కువ వేడిలో చేయాలి.